ఉంగరంలో దూరే శాలువా: ఆ చిల్లుల వెనకున్న లెక్క

దొరవారిసత్రంలో ఫ్యాన్ కింద కూర్చున్నా చెమటలే, ఇంక శాలువా మీద ఎపిసోడ్ ఏందిరా అని మా అమ్మే అడిగింది. చెప్తా, ఆగండి.

స్కాట్లాండ్‌కి ఉత్తరాన షెట్లాండ్ దీవుల్లో సన్నటి ఉన్నితో లేసు శాలువాలు అల్లుతారు. మంచి శాలువా అయితే పెళ్లి ఉంగరంలోంచి లాగినా మొత్తం ఇవతలికి వచ్చేస్తుంది. రష్యాలోని ఓరెన్‌బర్గ్‌లో మేక నూగుతో అల్లేవాటికి కూడా ఇదే పరీక్ష. మనిషిని కప్పే గుడ్డ వేలి ఉంగరంలో ఎట్లా దూరింది? దారం సన్నం, నిజమే. కానీ అందులో చాలా భాగం గుడ్డే కాదు, చిల్లులు!

ఆ చిల్లు ఎట్లా వస్తుందో చూడండి. రెండు సూదులతో అల్లేటప్పుడు దారాన్ని సూది మీద ఊరికే ఒక చుట్టు చుడతారు. కింద పట్టు లేని కొత్త లూప్ అది. తర్వాతి వరసలో దాన్ని అల్లితే అక్కడ చిల్లు మిగులుతుంది. మరి లూపులు ఒకటి పెరిగాయి కదా? అందుకని ఇంకోచోట రెండు లూపుల్ని కలిపి ఒకటి చేస్తారు. ప్లస్ వన్, మైనస్ వన్. ఆకులు, పూలు, అలలు, డిజైన్ ఏదైనా లోపల నడిచేది ఈ లెక్కే. అల్లడం అయ్యాక తడిపి, లాగి, చుట్టూ పిన్నులు గుచ్చి ఆరబెట్టాలి. అప్పటిదాకా అది నలిగిన గుడ్డలాగే ఉంటుంది. డిజైన్ విచ్చుకునేది అప్పుడే.

ప్రమాదం ఏందంటే, సూది మీద వందల లూపులు తెరిచే ఉంటాయి. ఒక్కటి జారితే కింది వరసలు కూడా ఊడిపోతూ పోతాయి. అందుకే తెలిసినవాళ్లు కొన్ని వరసలకొకసారి లూపులన్నింటిలోంచి వేరే రంగు దారం దూర్చి పెడతారు. దాన్ని లైఫ్‌లైన్ అంటారు. తప్పు జరిగితే అక్కడిదాకా విప్పుకుంటే చాలు. మన కోడింగ్ వాళ్ల భాషలో గిట్ కమిట్ అన్నమాట. నేను కమిట్ చేయకుండా నేర్చుకోబోయి ఒక సాయంత్రం పని మొత్తం విప్పేసుకున్నా. ఆఫీసులో కూడా అట్లాగే చేశాలెండి.

ఇక మన దగ్గరికొద్దాం. పశ్చిమ గోదావరి నరసాపురం చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు క్రోషే లేసు అల్లుతారు. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన పని ఇది. నూలు దారం, కొక్కెం ఉన్న ఒకే ఒక సూది. ఇక్కడ మామూలుగా తెరిచి ఉండే లూప్ ఒక్కటే, కాబట్టి పొయ్యి మీద పాలు పొంగితే పక్కన పెట్టి లేచిపోవచ్చు. చిన్న చిన్న పువ్వులు ఒకరు అల్లితే, వాటిని కలిపే అతుకు పని ఇంకొకరు చేస్తారు.

అసలు చిక్కు కూడా అక్కడే ఉంది. మధ్యలో లేచిపోవచ్చు కాబట్టి అది ఖాళీ టైమ్ పనే అనేశారు. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో నరసాపురం లేసు అల్లేవాళ్ల మీద ఒక పుస్తకమే రాశారు. విదేశాలకు సరుకు తయారుచేసే కార్మికుల్ని గృహిణులుగా లెక్కేసి, ఆ పేరుతో కూలి ఎట్లా తగ్గించారో అందులో చూపించారు. 2024లో ఈ లేసుకి జీఐ ట్యాగ్ వచ్చింది. సంతోషమే, కానీ ట్యాగ్ పేరుకి రక్షణ ఇస్తుంది, గంటకి ఇంత కూలి అని చెప్పదు.

ఇంకో సంగతి. సూదులతో చేసే అల్లికకు మెషిన్లున్నాయి. అసలైన క్రోషే మాత్రం ఇప్పటికీ చేత్తోనే. బజార్లో కనిపించే మెషిన్ లేసు చూడ్డానికి అట్లా ఉంటుంది గానీ దాని అల్లిక వేరు. అంటే ఆన్‌లైన్‌లో 300 రూపాయలకు దొరికే టాప్ నిజంగా క్రోషేదైతే, ఎవరో ఒకరు ప్రతి లూప్‌నీ కొక్కెంతో లాగారు. డెలివరీ చార్జీ, యాప్ కమిషన్, షాపు లాభం తీసేసి మిగిలినదాన్ని గంటలతో భాగించి చూడండి. గంటలు తెలియకపోతే ఒక సూది, ఒక దారపుండ కొని ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టండి. అరచేయంత ముక్క అల్లండి. ఎంత టైమ్ పట్టిందో నాకు చెప్పండి.