పట్టీకి దొరకని ప్రోటీను

అండమాన్ రాజధానిలోని జంగ్లీఘాట్‌లో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. అక్కడ చేపలవేటకు వెళ్లే అరవయ్యేళ్ల పెద్దాయన ఒకరున్నారనుకుందాం. ఆయనకు నెలల తరబడి నడుంనొప్పి, నీరసం, రక్తహీనత. మూత్రంలో రసాయనపు పట్టీ ముంచి చూస్తే ప్రోటీను లేదని తేలింది. వలలు లాగే మనిషికి నడుం నొప్పి మామూలేనని ఇంట్లోవాళ్లు ఊరుకున్నారు. కాని పట్టీ మాటను అంతగా నమ్మవచ్చా?

పట్టీ మీది రంగు ముఖ్యంగా ఆల్బుమిన్ అనే ప్రోటీనుతో కలిసి పసుపు నుంచి ఆకుపచ్చకు మారుతుంది. మిగతా ప్రోటీన్లను అంతగా పట్టించుకోదు. మల్టిపుల్ మైలోమా అనే కాన్సర్‌లో చాలామంది మూత్రంలో కనిపించే ప్రోటీను వేరు.

ఎముకల మూలుగలోని ప్లాస్మా కణాలు ప్రతిరక్షకాలను తయారుచేస్తాయి. ఒక్కో ప్రతిరక్షకంలో ప్రోటీను గొలుసులుంటాయి, కొన్ని బరువైనవి, కొన్ని తేలికైనవి. ఈ కణాల్లో ఒకటి అదుపు తప్పి తామరతంపరగా పెరిగితే ఒకే రకం తేలిక గొలుసులు కుప్పలుగా పుట్టుకొస్తాయి. ఆల్బుమిన్ అణుభారం సుమారు 66,000; వీటిది 23,000 మాత్రమే. అందుకే మూత్రపిండాల జల్లెడలోంచి జారిపోతాయి. మూత్రనాళికలు పీల్చుకోగా మిగిలినవి మూత్రంలోకి వస్తాయి. నాళికల్లో గడ్డకట్టి మూత్రపిండాలను పాడుచేసేవీ ఇవే.

1845లో లండన్‌లో ఎముకల నొప్పులతో మంచం పట్టిన ఒక వ్యాపారి మూత్రాన్ని వైద్యులు హెన్రీ బెన్స్ జోన్స్‌కు పంపారు. అందులోని ప్రోటీను ఆమ్లంతో గడ్డకట్టింది, వేడిచేస్తే కరిగింది, చల్లారితే మళ్లీ గడ్డకట్టింది. ఉడికిన కోడిగుడ్డు తెల్లసొన మళ్లీ కరగదు కదా! ఈ వింత ప్రోటీను తేలిక గొలుసేనని 1962లో గాని ఎడెల్‌మన్, గాలీ తేల్చలేదు.

మన పెద్దాయన మూత్రానికి సల్ఫోసాలిసిలిక్ ఆమ్లం కలిపి చూడాలి. ఆల్బుమిన్‌తో పాటు తేలిక గొలుసులనూ అది తెల్లగా విరగ్గొడుతుంది. పట్టీ లేదన్నా పరీక్షనాళిక తెల్లబడిందంటే అనుమానించాల్సిందే. (ఎక్స్‌రే కోసం ఎక్కించే కొన్ని మందుల వల్లా తెల్లబడుతుంది, అది అడిగి తెలుసుకోవాలి.) యంత్రమేదీ అక్కర్లేని ఇంత చవక పరీక్షను మూలపడేయడం తెలివైన పని కాదు.

తరువాతిది ఎలక్ట్రోఫోరెసిస్. విద్యుత్తు ప్రభావంతో ప్రోటీన్లు విడివిడిగా జరుగుతాయి. ఒకే రకం గొలుసులైతే ఒకేచోట చేరి సన్నని గీతగా కనిపిస్తాయి. అది కప్పానా, లాంబ్డానా అన్నది ఇమ్యునోఫిక్సేషన్ చెబుతుంది. ఈ గొలుసులను రక్తంలోనే కొలిచే పరీక్ష 2001లో వచ్చింది. రోగనిర్ధారణకు మూలుగ పరీక్ష ఎలాగూ తప్పదు.

రోజుకు ఎంత ప్రోటీను పోతున్నదో లెక్కకట్టడానికి 24 గంటల మూత్రం కావాలి. ఉదయం మొదటిసారి వచ్చినది పారబోసి, అక్కడినుంచి మర్నాడు అదే వేళకు వచ్చినదాన్ని కూడా కలిపి, చల్లగా ఉంచి లాబ్‌కు చేర్చాలి. ఒక్కసారిది పారబోసినా లెక్క తప్పుతుంది.