మంచము దిగి నాలుగడుగులు



ఒక ఆదివారం ఆరాధన ముగిసిన తరువాత మా తిరుమలగిరి సంఘములోని ఒక పెద్దాయనతో, "తాతా, తెల్లవారి లేచి కొంచెం నడువుండ్రి" అన్నాను. ఆయన వెంటనే బైబిలు తెరిచి మొదటి తిమోతి 4:8 మీద వేలు పెట్టి, "దేహసాధనతోటి లాభం కొంచెమే అని పౌలు భక్తుడే రాసిండు గద అయ్యగారూ! ఆ కొంచెం దానికి నన్నెందుకు తిప్పలు పెడ్తరు?" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

ఇంటికి వచ్చి ఆ వచనము మరల చదివాను. దైవభక్తితో పోల్చి పౌలు కొంచెమన్నాడే గాని, లాభము లేదనలేదు. తోటివారు త్రోయ నుండి ఓడలో పోగా, ఆయన అస్సు వరకు నేలదారిని వెళ్లిన సంగతి అపొస్తలుల కార్యములు 20:13లో ఉన్నది. ఓడ కిరాయికి డబ్బులు లేక కాదు లెండి!

నేనీ మాట వ్రాయుటకు వేరే కారణమున్నది. మా అమ్మ అరువది ఏండ్లు దాటే వరకు నాట్లు వేసింది, కలుపు తీసింది, పత్తి ఏరింది. నాకు సంఘము, ఇల్లు కుదిరిన తరువాత, "ఇగ చాలమ్మా, నువ్వు కూర్చో" అన్నాను. నీళ్లు మంచం దగ్గరికే, అన్నం మంచం దగ్గరికే. తల్లిని సన్మానిస్తున్నానని మురిసిపోయాను. ఏడాది తిరిగేసరికి గోడ పట్టుకోనిదే ఆమె లేవలేకపోయింది. ఒక రాత్రి బాత్రూముకు పోతూ గడప తట్టుకొని పడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసిన డాక్టరుగారు, "అమ్మ ఇంట్లో ఏమేం పనులు చేస్తుంది?" అని అడిగారు. నా నోట మాట రాలేదు.

వాడని కండ కరిగిపోతుంది. వయసు పైబడినవారిలో అది మరీ త్వరగా జరుగుతుంది. కాళ్లలో బలము తగ్గితే తూలడం, తూలితే పడడం. ఒకసారి పడినవారు భయముతో మంచం దిగరు, దానితో ఉన్న బలమూ పోతుంది. 65 ఏండ్లు దాటినవారు కూడా వారానికి కనీసము 150 నిమిషాలు ఒళ్లు కదపాలనీ, మూడు రోజులైనా కాళ్లకు బలమునిచ్చే, తూలకుండా నిలబెట్టే సాధనలు చేయాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. అంటే ఐదు రోజులు అరగంట నడక. నడుస్తూ మాట్లాడగలగాలి, కీర్తన మాత్రం పాడలేనంత ఆయాసముండాలి. ఇక ఇంట్లో గట్టి కుర్చీ మీద నుండి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోవచ్చు. గోడ పట్టుకొని మడమలెత్తి నిలబడవచ్చు. నులక మంచం మాత్రం పనికిరాదు, అది లోపలికి దిగిపోతుంది.

పంజాబులో పుట్టి ఇంగ్లండులో స్థిరపడిన ఫౌజా సింగ్ అను వృద్ధుడు, కొడుకు పోయిన దుఃఖములో, ఎనుబది దాటిన తరువాత పరుగు పట్టాడు. 2011లో, నూరేండ్ల వయసున, టొరంటోలో 42 కిలోమీటర్ల మారథాన్ పూర్తి చేశాడు. పుట్టిన కాగితము లేనందున గిన్నిస్ వారు ఆ రికార్డు ఒప్పుకోలేదు. మన తాతలకు మాత్రం ఏ కాగితమున్నది! ఆయన 2025లో రోడ్డు మీద వాహనము తగిలి చనిపోయాడు. కనుక మనవాళ్లు సూర్యాపేట - జనగాం రోడ్డు మీద చీకటిలో నడువవద్దు. బడి మైదానమున్నది, చర్చి ఆవరణ ఉన్నది.

ఇంకొక మాట. మన నల్గొండ ప్రాంతములో ఫ్లోరైడు నీళ్లు ఏండ్ల తరబడి త్రాగి వెన్ను, కీళ్లు బిగుసుకున్నవారున్నారు. వారును, గుండె జబ్బు ఉన్నవారును ముందుగా డాక్టరు నడగాలి. షుగరున్నవారు చెప్పులు లేకుండా నడువరాదు, తిరిగి రాగానే అరికాళ్లు చూచుకోవాలి. ఛాతీలో నొప్పి వచ్చినా, తల తిరిగినా అక్కడే ఆగి ఎవరినైనా పిలవాలి.

యెహోషువ 14వ అధ్యాయములో కాలేబు ఎనుబదియైదేండ్ల వయసున కొండసీమను అడిగి తీసుకున్నాడు. మా అమ్మ అడిగింది చీపురు. మొదట వాకరుతో గడప దాకా, తరువాత కర్రతో బోరింగు దాకా నడిచిన మూడు నెలలకు, "వాకిలి నేనూడుస్త, ఇటియ్యి" అన్నది. కుంటు ఇంకా ఉన్నది, ఊడ్చినచోట సగము చెత్త అట్లే ఉంటున్నది. మా ఇంటావిడ మళ్లీ ఊడ్వబోతే నేనే ఆపాను.