కంప్యూటర్ల అనుసంధానం: తీగ, కాంతి, తరంగం

జ్యోతినగర్‌లో చదువుకొనే విద్యార్థిని విద్యుత్తు ఇంటికి ఎట్లా వస్తుందని అడిగితే తడుముకోకుండా చెప్పగలడు. రామగుండం విద్యుత్కేంద్రం నుండి 400 కిలోవోల్టుల లైన్లపై బయలుదేరి, సబ్‌స్టేషన్లలోను, ట్రాన్స్‌ఫార్మర్ల వద్దను వోల్టేజి తగ్గుతూ మన గడపకు చేరుతుంది. కాని చేతిలోని ఫోనుకు పాఠం ఏ దారిన వస్తున్నదంటే "నెట్ ద్వారా" అని ఊరుకొంటాం. ప్రవేశ దరఖాస్తులు, ఉపకార వేతనాలు, పరీక్షా ఫలితాలు ఆ దారిననే నడుస్తున్న ఈ కాలంలో ఆ ఒక్క మాట చాలదు.

రెండు లేక అంతకంటె ఎక్కువ కంప్యూటర్లు సమాచారాన్ని ఇచ్చిపుచ్చుకొనే అమరికను నెట్‌వర్క్ అంటారు. ఒక గదికో, భవనానికో పరిమితమైనది లాన్. లాన్‌లలో విరివిగా వాడే ఈథర్నెట్ పద్ధతి 1973లో అమెరికాలోని జిరాక్స్ పరిశోధనాలయంలో రాబర్ట్ మెట్‌కాఫ్ ఆలోచన నుండి రూపొందింది. మన దేశంలో సామాన్య ప్రజలకు ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న అందుబాటులోకి వచ్చింది.

అనుసంధాన మార్గాలు ప్రధానంగా మూడు. మొదటిది రాగి తీగల కేబుల్. ఇందులో 8 తీగలు 4 జతలుగా మెలివేసి ఉంటాయి. మెలిక వల్ల బయటి విద్యుదయస్కాంత ప్రభావం జతలోని రెండు తీగలపైనా దాదాపు సమానంగా పడి, చాలావరకు రద్దవుతుంది. సాధారణంగా దీని హద్దు 100 మీటర్లు. రెండవది ఆప్టికల్ ఫైబర్. సన్నని గాజు పోగులో కాంతి సంపూర్ణాంతర పరావర్తనం చెందుతూ కిలోమీటర్ల కొలది సాగుతుంది. కాంతికి విద్యుత్ లైన్ల బెడద లేదు. కనుకనే హైవోల్టేజి టవర్ల పైకొసన ఉండే ఎర్త్ తీగ లోపల కూడా ఫైబర్లను అమర్చుతున్నారు. మూడవది వైఫై, అనగా రేడియో తరంగాలు. 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలు గోడలను దాటి కొంత దూరం పోగలవు; 5 గిగాహెర్ట్జ్ తరంగాలకు వేగం హెచ్చు, వ్యాప్తి తక్కువ.

ఇక పరికరాలు. హబ్ తనకు అందిన సమాచారాన్ని దండోరా వేసినట్లు అందరికీ పంపుతుంది; అందుచేత అది దాదాపు వాడుక నుండి తొలగింది. స్విచ్ అట్లా కాదు. ప్రతి యంత్రానికి గల మ్యాక్ సంఖ్యను గుర్తుపెట్టుకొని, ఇల్లెరిగిన పోస్ట్‌మాన్ వలె చేరవలసిన చోటికే చేరుస్తుంది. రౌటర్ వేర్వేరు నెట్‌వర్కులను కలుపుతుంది. పెద్దపల్లి జంక్షన్‌లో కాజీపేట వైపు, బల్లార్షా వైపు, కరీంనగర్ వైపు బండ్లకు దారులు వేరైనట్లు, రౌటర్ ఐపీ చిరునామాను చూసి సమాచారపు పొట్లాలకు దారి నిర్ణయిస్తుంది. ఫైబర్ కనెక్షన్ గల ఇంటిలో గోడకు కనిపించే ఓఎన్‌టీ, కాంతి సంకేతాలను విద్యుత్ సంకేతాలుగా మార్చుతుంది. తరచుగా రౌటర్, స్విచ్, వైఫై కూడా ఈ ఒక్క పెట్టెలోనే ఇమిడి ఉంటాయి.

ఈ తేడా తెలిసినవారికి లోపం ఎక్కడుందో తెలుస్తుంది. ఫోనులో వైఫై గుర్తు నిండుగా ఉండి పేజీ తెరుచుకోకపోతే ఫోను తప్పు కాకపోవచ్చు. ఆ గుర్తు రౌటర్ వరకు గల బంధాన్నే చూపుతుంది. ఓఎన్‌టీపై ఎల్‌ఓఎస్ అను ఎర్రదీపం వెలిగితే బయటి నుండి కాంతి అందడం లేదన్నమాట. అప్పుడు కొత్త ఫోను కొన్నా ప్రయోజనం లేదు, లైను బాగుచేయించాలి.

ఇంగ్లీషు మాధ్యమం వారికే ఈ విద్య అబ్బుతుందన్న సంకోచం మన విద్యార్థులకు వద్దు. తెలుగు ఎడమ నుండి కుడికి, ఉర్దూ కుడి నుండి ఎడమకు రాస్తాం. తీగలో ప్రవేశించిన పిదప రెండూ 0, 1 అంకెల వరుసలే. 1991లో వెలువడిన యూనికోడ్ తెలుగు లిపికి, ఉర్దూ రాసే అరబీ లిపికి ఒకే పట్టికలో చోటిచ్చింది. కంప్యూటర్ గదికి వెళ్లినప్పుడు తెరనే చూడక, వెనుకనున్న తీగ వెంట నడిచి స్విచ్ ఏదో, రౌటర్ ఏదో స్వయంగా గుర్తించండి. పాఠం అక్కడి నుండే మొదలవుతుంది.