ఏడవని బిడ్డనూ లెక్కలో రాయించండి

నెలలు నిండి కాన్పు అవుతుంది. బిడ్డ ఏడవదు. పెద్దలు చీకటి పడకముందే పాతిపెట్టి వస్తారు. "పోయినదాన్ని కాగితంలో రాయించి ఏం లాభం?" అంటారు. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో పనిచేసే డాక్టర్లకు ఈ ప్రశ్న కొత్త కాదు. లాభం ఉంది. అది ముందుగా ఆ తల్లికే.

1969 నాటి జనన మరణాల నమోదు చట్టం జననాలకూ మరణాలకే కాదు, మృతజననాలకూ వర్తిస్తుంది. గర్భం 28 వారాలు, అంటే సుమారు ఏడు నెలలు, నిండాక బిడ్డ ప్రాణం లేకుండా పుడితే అది మృతజననం. 21 రోజుల్లోగా తెలియజేయాలి. ఆస్పత్రిలో జరిగితే ఆస్పత్రివారే తెలియజేస్తారు. ఇంట్లో జరిగితే ఆ బాధ్యత ఇంటి పెద్దది. పల్లెలో పంచాయతీ కార్యదర్శికి, పట్టణంలో మునిసిపాలిటీకి చెప్పాలి.

లెక్క ఎక్కడ తప్పుతోంది? తొలిచూలు పురిటికి పుట్టింటికి పంపడం మన ఆచారం. కాన్పు ఏ ఊళ్లో జరిగితే నమోదు ఆ ఊళ్లోనే. ఇటువారు అటువారు చూసుకుంటారనుకుంటే ఎవరూ రాయించరు. కష్టమైన కాన్పును విశాఖపట్నం కింగ్ జార్జి ఆస్పత్రికి తీసుకువెళితే నమోదు విశాఖలోనే అవుతుంది. ఫారంలో తల్లి నివాసం సరిగా చెప్పకపోతే ఆ నష్టం ఏ జిల్లాదో తెలియదు. 2022లో ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లావారు ఆ పేరే రాయించాలి.

మరో పొరపాటు ఉంది. పుట్టి ఒక్కసారి ఊపిరి తీసి పోయినా ఆ బిడ్డ ప్రాణంతో పుట్టినట్టే. జననం, మరణం రెండూ రాయించాలి. మృతజననంగా రాస్తే అసలు కారణం మరుగున పడుతుంది.

ఎన్ని వారాలు, బరువెంత, చర్మం ఎలా ఉంది అన్నవి డాక్టరును అడిగి చీటీలో రాయించుకోండి. చర్మం ఊడి ఉంటే బిడ్డ నొప్పులకు ముందే పోయి ఉంటుంది. అప్పుడు తల్లికి రక్తపుపోటు, మధుమేహం, సిఫిలిస్ ఉన్నాయేమో చూడాలి. చర్మం చెడకుండా ఉంటే చాలావరకు నొప్పుల సమయంలో పోయిందని అర్థం. అప్పుడు కాన్పులో వైద్యం వేళకు అందిందా అని చూడాలి. ఆ చీటీ పారేయవద్దు. మళ్లీ గర్భం వస్తే మొదటి పరీక్షకే తీసుకువెళ్లండి.

గర్భిణికి బిడ్డ కదలికలు తగ్గినా, రక్తస్రావం కనిపించినా, విపరీతమైన తలనొప్పి వచ్చినా, చూపు మసకబారినా, ఉమ్మనీరు పోయినా తెల్లవారేదాకా ఆగకండి. వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్లండి.

గ్రహణం చూసిందనీ, పాదం మంచిది కాదనీ ఆ తల్లిని నిందించకండి. బిడ్డ పోయినా ఆమెకు పాలు పడతాయి. రొమ్ములు గట్టిపడి నొప్పి చేస్తే నర్సుకు చెప్పండి. ఆమె బాలింతే. తిండి, విశ్రాంతి, ఆదరణ అన్నీ కావాలి.