కాసును కరిగించక మునుపు

పొలం దున్నుతుంటే నాగలికి కుండ తగిలిందట, దాని నిండా బంగారు కాసులట! ఇటువంటి మాట మన మహదేవపూర్ వైపు పల్లెలకు కొత్త కాదు. అందులో నిజమెంతో గాని, నిజంగా దొరికిన కాసు గతి ఏమవుతుందో పెద్దలకు తెలుసు. తెల్లవారేసరికి కంసాలి కుంపటిలో ఉంటుంది. ప్రియ పాఠకులారా, ఆ కాసును గూర్చియే ఈ నెల మీతో మాట్లాడదలచాము.

2013లో అమెరికాలోని కాలిఫోర్నియాలో దంపతులిద్దరు తమ సొంత నేలలో కుక్కను వెంటబెట్టుకొని నడుస్తుండగా, మట్టిలో నుండి తొంగిచూస్తున్న తుప్పుపట్టిన డబ్బా కంటబడింది. తవ్వగా అటువంటివి ఎనిమిది దొరికాయి. వాటిలో 1,427 బంగారు నాణెములు ఉన్నాయి. అన్నియు 1847 నుండి 1894 వరకు ముద్రించినవే. నాణెముల మీద వ్రాసియున్న విలువ అంతా కలిపితే సుమారు 28,000 డాలర్లు. నిపుణులు కట్టిన విలువ సుమారు కోటి డాలర్లు! బంగారపు తూకమును బట్టి ఇంత రాదు. మరి ఎక్కడనుండి వచ్చినది?

వాటిలో ఎక్కువ భాగం ఇరవై డాలర్ల కాసులు. ఒక్కొక్కటి 33 గ్రాములకు పైగా తూగుతుంది. పదింట తొమ్మిది పాళ్లు బంగారం. 1848లో కాలిఫోర్నియాలో బంగారం బయటపడిన తరువాత ఈ పెద్ద కాసులు పుట్టాయి. 1933లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ప్రజలు తమ బంగారమును ప్రభుత్వానికి అప్పగించాలని ఆజ్ఞాపించినప్పుడు లెక్కలేనన్ని కాసులు కరిగి కడ్డీలయ్యాయి. అరుదైన నాణెములను సేకరించేవారికి మాత్రం ఆ ఆజ్ఞలో మినహాయింపు ఉండెను. నాణెములు దాచుకోవడం పనిలేనివారి సరదా అనుకుంటాము గాని, అటువంటివారి పెట్టెలలో ఉన్నవి నిలిచాయి.

ఆ డబ్బాలలోని ఒక్క కాసుకే దాదాపు పది లక్షల డాలర్ల వెల కట్టారు. దాని కథ మన సంఘ కుటుంబములకు ఆసక్తి కలిగించును. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం సాగుతుండగా వాట్కిన్సన్ అనే సువార్త సేవకుడు, నాణెముల మీద దేవుని తలంచుకొనే మాట ఉండాలని ఆర్థిక శాఖ మంత్రి ఛేజ్‌కు ఉత్తరం వ్రాశాడు. 'దేవునియందు మేము నమ్మికయుంచుచున్నాము' అనే అర్థమిచ్చే మాట 1864లో రెండు సెంట్ల నాణెము మీదికి, 1866లో ఇరవై డాలర్ల కాసు మీదికి వచ్చింది. అయితే శాన్ ఫ్రాన్సిస్కో టంకశాలకు కొత్త అచ్చులు చేరకముందే, ఆ యేడు కొన్ని కాసులు ఆ మాట లేకుండా అచ్చయ్యాయి. ఆ కొన్నింటిలోనిదే ఈ కాసు. అదే బంగారం, అదే తూకం. తేడా అంతా అక్షరాలలోనే ఉంది.

మన గడ్డ సంగతి కూడా ఇంతే. మహదేవపూర్‌కు ఎగువన, ఇదే గోదావరి ఒడ్డున ఉన్న కోటిలింగాలలో దొరికిన చిన్న నాణెములు బంగారువి కావు. సంగనభట్ల నరహరిశర్మ వంటివారు వాటిని ఏరి భద్రపరచగా, శాసన పరిశోధకులు పి.వి. పరబ్రహ్మశాస్త్రి వాటి మీది అక్షరాలు చదివారు. గోబద, నారన, సమగోప అనే రాజుల పేర్లు, శాతవాహన వంశంలో మొదటివాడైన శ్రీముఖుని పేరు ఆ విధంగా బయటికి వచ్చాయి. అవి కరిగిపోయి ఉంటే ఈ పేర్లు మనకు ఎవరు చెప్పేవారు? నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో 1,531 రోమా వెండి నాణెములు దొరికాయి. మనం సువార్తలలో చదివే దేనారము ఇదే. ఆ నాణెము మన తెలంగాణ మట్టిలో ఉన్నదంటే ఆశ్చర్యమే గదా!

గనుక పాత నాణెము దొరికితే చింతపండుతో గాని, బూడిదతో గాని తోమవద్దు. అక్షరం అరిగితే విలువ పోతుంది. కంసాలికి ఇవ్వవద్దు. నిధి దొరికిందని, సగం ధరకే ఇస్తామని రహస్యంగా వచ్చేవారిని గుమ్మం ఎక్కనివ్వవద్దు. మొదట చూపేది అసలైన కాసు, తరువాత చేతికిచ్చేది ఇత్తడి. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన నిధి దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి. దాచినవారికి ఏడాది వరకు జైలు ఉండవచ్చు. హక్కుదారుడు లేడని తేలితే, వేరే ఒప్పందం లేనప్పుడు ముప్పాతిక భాగం దొరికినవారికి, పాతిక భాగం ఆ నేల యజమానికి చెందుతుంది. ప్రభుత్వమే తీసుకొనదలచితే లోహపు విలువకు అయిదో వంతు కలిపి చెల్లిస్తుంది.