తిరిగే యంత్రాలకు నాడీ పరీక్ష

ఖమ్మం నుండి కొత్తగూడెం, పాల్వంచల మీదుగా భద్రాచలం వెళ్లే బాటసారికి అడవి గాలితో పాటు యంత్రాల హోరు కూడ వినిపిస్తుంది. పాల్వంచలో 1966 నుండి విద్యుత్తు ఉత్పత్తి అవుతున్నది. అక్కడి పాత కేంద్రపు ఎనిమిది శీతలీకరణ గోపురాలను 2024లో కూల్చివేశారు. కొత్త యూనిట్లు నడుస్తున్నవి. గోదావరికి ఈవలి ఒడ్డున సారపాకలో కాగితపు కర్మాగారం, మణుగూరులో భారజల కర్మాగారం ఉన్నవి. వస్తువులు వేరైనా వీటన్నిటి ప్రాణం తిరిగే ఇరుసులోనే ఉన్నది. ఆ ఇరుసుకు జబ్బు చేసినపుడు, యంత్రాన్ని విప్పకుండానే కారణం చెప్పగల ఇంజనీరు ఉంటాడని తెలుగు పాఠాలు చెప్పుకొనే మాకు ఇటీవలి వరకు తెలియదు.

నిజానికి మన పెద్దలకు ఈ విద్య బొత్తిగా కొత్తది కాదు. బండి కీచుమన్నదంటే ఇరుసుకు కందెన చాలలేదని రైతు గ్రహించేవాడు. హకీము మణికట్టుపై వేళ్లుంచి నబ్జు చూచేవాడు. ఇంజనీరు వేళ్లకు బదులు, కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే చిన్న పరికరాన్ని బేరింగు గూటికి అంటిస్తాడు.

నిమిషానికి 3000 చుట్లు తిరిగే టర్బైను సెకనుకు 50 చుట్లు తిరుగుతుంది. కంపనం కూడ సరిగా సెకనుకు 50 మార్లే వస్తే, బరువు ఇరుసుకు ఒక ప్రక్కకు చేరిందని మొదట అనుమానిస్తారు. బూడిదతో కూడిన పొగను లాగే ఫ్యాను రెక్కలు అరిగినపుడు ఇట్లే జరుగుతుంది. కంపనం చుట్లకు రెండింతలు వస్తే, మోటారు ఇరుసు, దానికి జోడించిన యంత్రపు ఇరుసు ఒకే వరుసలో ఉన్నవో లేవో చూడవలె. పది గుండ్లున్న బేరింగులో బయటి వలయం పగిలితే చుట్టుకు సుమారు నాలుగు తాకిడులు పుడతాయి. ఇక కరెంటు ఆపి చూడడం మరొక ఉపాయం. ఆపిన క్షణంలోనే కంపనం మాయమైతే దోషం విద్యుత్తుది. వేగంతో పాటు మెల్లగా తగ్గితే వెదకవలసింది మరొకచోట.

మా పూర్వ విద్యార్థి ఒకడు ఈ వృత్తిలో ఉన్నాడు. ఒక వానాకాలం అడవి అంచున ఉన్న ఒక మిల్లుకు మమ్ములను వెంటబెట్టుకొని వెళ్లాడు. అక్కడ ఒక ఫ్యానుకు ఒకే సంవత్సరంలో మూడు బేరింగులు పోయినవి. బిగించిన మేస్త్రీకి పని చేతకాదని యాజమాన్యం తేల్చి, ఆయన జీతంలో కోత కూడ పెట్టింది. నాలుగవది పోతే ఉద్యోగమే ఉండదన్నారు. ఆయన ఒక మూల తల వంచుకొని నిలుచున్నాడు.

గట్టి పునాదిపై ఉన్న పెద్ద యంత్రాలకు కంపనవేగం సెకనుకు 4.5 మిల్లీమీటర్లు దాటితే జాగ్రత్త పడవలె, 7.1 దాటితే ప్రమాదమే. అక్కడ 9 చూపించింది. మోటారు నిమిషానికి 1480 చుట్లు తిరుగుతుండగా కంపనంలో అధికభాగం అందుకు రెండింతలుగా, అందునా ఇరుసు పొడవు దిశలో వస్తున్నది.

“బేరింగులో తప్పు లేదు సార్. దానిని చంపుతున్నది వేరొకటి,” అన్నాడు మావాడు. అయినా ఒక్క అంకెను నమ్మి తీర్పు చెప్పలేదు. యంత్రాన్ని ఆపించి, కరెంటు తీయించి, మోటారు పాదాల బోల్టులను ఒక్కొక్కటిగా వదులు చేయించాడు. మూడవ బోల్టు వదలగానే డయలు ముల్లు కదిలింది. ఆ పాదం పునాది పలకపై ఆననే లేదు! బోల్టు బిగించినప్పుడల్లా మోటారు వంకర తిరిగి, రెండు ఇరుసుల వరుస తప్పుతున్నది. పునాది పలక వేసిన నాటి లోపమది. మేస్త్రీ అప్పటికి ఆ మిల్లులో చేరనే లేదు.

పాదం క్రింద పలుచని రేకు ముక్కలు పెట్టి, రెండు ఇరుసులను ఒకే వరుసకు తెచ్చేసరికి చీకటి పడింది. ఫ్యాను మళ్లీ తిరిగినపుడు అంకె 2 వద్ద నిలిచింది. మేస్త్రీ ఏమీ అనలేదు. కప్లింగు మూత బిగించి, నూనెగుడ్డతో చేతులు తుడుచుకొన్నాడు. జీతంలో కోసిన సొమ్మును ఆ నెలలోనే తిరిగి ఇచ్చారని తరువాత విన్నాము.