మధుమేహ రోగుల ఉదర బాధలు
పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన విషయములు

మధుమేహము, అనగా చక్కెర వ్యాధి, కన్నులను, మూత్రపిండములను, పాదములను చెరచునని గ్రామములందు చాలమంది యెరుగుదురు. అది జీర్ణాశయమును గూడ బాధించునని యెరిగినవారు తక్కువ. అందుచే అనేకులు దీనిని అజీర్ణమనియో, గ్యాస్ అనియో తలచి, సోడా త్రాగి, వాము నమలి కాలము గడుపుచున్నారు.

నాలుగు ముద్దలకే కడుపు నిండినట్లుండుట, గంటలు గడచినను బరువు తగ్గకుండుట, ఉబ్బరము, పైకడుపులో నొప్పి, వికారము, ఎప్పుడో తిన్న అన్నము అరుగకయే వాంతియగుట దీని లక్షణములు. వైద్యులు దీనిని గాస్ట్రోపరేసిస్ అందురు.

దీనికి కారణ మేమి? జీర్ణాశయపు కండరములను నడపి, ఆహారమును ప్రేగులోనికి పంపించునది వేగస్ అను నాడి. రక్తములో చక్కెర ఏండ్ల తరబడి హెచ్చుగా నున్నచో ఈ నాడి దెబ్బతినును. అప్పుడు ఆహారము కడుపులోనే నిలిచిపోవును.

అసలు ప్రమాద మిచ్చటనే కలదు. ఇన్సులిన్ సూది వేసికొని భుజించిన రోగికి, అన్నము ప్రేగు చేరకముందే మందు పనిచేసి, చక్కెర పడిపోవచ్చును. చెమటలు, వణుకు కలిగి స్పృహ తప్పవచ్చును. తరువాత ఆహారము ఆలస్యముగా చేరి చక్కెర హెచ్చును. కావున మందు మోతాదును, వేళను వైద్యుడే నిర్ణయింపవలెను. రోగి తనంతట మానరాదు.

ఇట్టి రోగులు మూడు పూటల నిండు భోజనమునకు మారుగా, కొద్దికొద్దిగా అయిదారు మారులు తినవలెను. నూనె, నెయ్యి తగ్గింపవలెను. చక్కెర రోగులకు సాధారణముగా హితమని చెప్పబడు పీచు కూరలు, పచ్చికూరలు వీరికి కష్టము కలిగింపవచ్చును. మెత్తగా ఉడికిన పదార్థములు మేలు. తినగానే పరుండక కొంచెము నడువవలెను. వ్రణము మొదలగు ఇతర కారణములు లేవని వైద్యుడు పరీక్షించి తేల్చవలెను.

పంచాయతీ సభ్యులకు మా విన్నప మిది. ముప్పది యేండ్లు దాటినవారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో ఉచిత చక్కెర పరీక్షకు పంపుడు. చక్కెర రోగి పదేపదే వాంతులని చెప్పినచో ఆశా కార్యకర్తకు తెలిపి వైద్యునికి చూపింపుడు. చక్కెర పడిపోయిన రోగికి స్పృహ యున్నచో వెంటనే పంచదార నీరు త్రాగింపుడు. స్పృహ లేనిచో నోట నేమియు పోయక 108 వాహనమును పిలువుడు. సకాలమున తెలిసిన ఈ చిన్న సంగతులే ప్రాణమును కాపాడును.